ముందు పారేసింది రాయండి, యాప్ సంగతి తర్వాత

జడ్చర్ల నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో ఆరుగురు: తను, భర్త, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, మామ. రోజూ ఎంతో కొంత అన్నం, కూర పారేయాల్సి వస్తోంది. ఫ్రిజ్ అడుగున కొత్తిమీర నల్లబడి దొరుకుతోంది. తిండి వృథా తగ్గించే యాప్‌లంటూ భర్త ఫోన్‌లో రెండు వేశారు. వారం రోజులు కూర్చుని ఇంట్లో సామాన్లన్నీ ఎక్కించి, తర్వాత వదిలేశారు. "ఫోన్ చూసుకుంట వంట చేస్తరా ఎక్కడన్నా" అని అత్తమ్మ అంటున్నారట. ఇలాంటి యాప్‌లతో నిజంగా లాభం ఉందా, ఉంటే ఏది వాడాలి? బయటి దేశాల యాప్‌లు మనకు పనికొస్తాయా?

లాభం ఉంది చెల్లె. కానీ మీరు మొదలుపెట్టిన చోటు సరైంది కాదు. ఇంట్లో ఏమేం ఉన్నాయో రాశారు. ఇంట్లోంచి ఏం బయటికి పోతోందో రాయలేదు. ఆ రెండోది రాస్తేనే మిగతావన్నీ పనికొస్తాయి.

నేను నల్లగొండలో ఆడపిల్లల హాస్టల్ ఒకదాంట్లో మెస్సు, స్టోరు లెక్కలు పద్దెనిమిదేళ్లు చూశాను. అక్కడ మిగిలిన అన్నం పెరట్లో ఒక నీలం డ్రమ్ములో పోసేవాళ్లు. పక్క ఊరి రైతు వచ్చి బర్రెలకు కుడితిలోకి తీసుకుపోయేవాడు. ఆ డ్రమ్మును ఎవరూ తూచేవాళ్లు కాదు. బియ్యం బస్తాలు మాత్రం గ్రాము తేడా లేకుండా తూచేవాళ్లం. ఒక చలికాలం నేను ఆ డ్రమ్మును కూడా రోజూ తూకం వేయించి నోటుబుక్‌లో రాయడం మొదలుపెట్టాను. రెండు వారాలకే సంగతి బయటపడింది. ఏ రోజైతే బియ్యం లాటు మారిందో, ఆ రోజు నుంచి డ్రమ్ము బరువు పెరిగింది. అప్పటిదాకా వచ్చింది కొత్త బియ్యం. తర్వాత వచ్చింది ఏడాది దాటిన పాత బియ్యం. పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీల్చుకుని బాగా ఒదుగుతుంది కదా. వంటామె మాత్రం అవే డబ్బాలు, అదే లెక్కన పోస్తోంది. తప్పు ఆమెది కాదు. ఆమెకు ఆ డ్రమ్ము సంగతి చెప్పినవాళ్లే లేరు. డబ్బాల లెక్క తగ్గించాం, డ్రమ్ము తేలికైంది.

ఇంట్లో ఫోన్ చేయాల్సింది ఆ నోటుబుక్ పనే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోంచి వచ్చిందే. హోటళ్లు, పెళ్లిళ్లే ఎక్కువ పారేస్తాయని మనం అనుకుంటాం గానీ, లెక్క మన వంటింటి వైపే చూపిస్తోంది. మన దేశంలో ఇళ్లలో అయ్యేది మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలని ఆ నివేదిక అంచనా. మీ ఆరుగురికి కలిపితే 330 కిలోలు, అంటే పాతిక కిలోల బస్తాలు పదమూడు. అయితే ఈ లెక్కలో తొక్కలు, బొక్కలు, టెంకల్లాంటి తినలేనివి కూడా కలిసి ఉంటాయి. మీరు రాసేటప్పుడు వాటిని రాయొద్దు. అరటితొక్క కూడా రాస్తూ పోతే మూడో రోజుకే విసుగొస్తుంది. తినగలిగి ఉండి పారేసినదే రాయండి.

ఎలా రాయాలో చెప్తాను. దీనికి కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు. గూగుల్ కీప్ చాలామంది ఫోన్లలో ముందే ఉంటుంది, లేకపోయినా ఉచితమే. అందులో "పారేసినవి" అని ఒక నోట్ తెరిచి, పైన పిన్ చేసి, మీ భర్త మెయిల్ కూడా దానికి కలపండి. ఇద్దరి ఫోన్లలోనూ అదే నోట్ కనిపిస్తుంది, ఎవరు రాసినా రెండోవాళ్లకు తెలుస్తుంది. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు పెట్టుకుంటే మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలు, అదే తెలుగులో రాసుకుంటుంది. చేతికి పిండి ఉన్నా, తడి ఉన్నా ఇబ్బంది లేదు. "సోమవారం రాత్రి, అన్నం రెండు గరిటెలు, ఎక్కువ వండినం" అనండి. అంతే. గ్రాములొద్దు, గరిటెలు, పిడికిళ్లు, గిన్నెలు చాలు.

చివర కారణం మాత్రం తప్పకుండా చెప్పాలి. మా ఇంట్లో కారణాలకు నాలుగే మాటలు పెట్టుకున్నాం: ఎక్కువ వండినం, మర్చిపోయినం, ఎవరూ తినలేదు, తెచ్చినప్పుడే బాగాలేదు. మందు ఒక్కోదానికి ఒక్కోటి కాబట్టి ఇవి వేరువేరుగా ఉండాలి. మర్చిపోయినదానికి ఫోన్‌లో గుర్తుచేసే ఏర్పాటు సాయపడుతుంది. ఎక్కువ వండినదానికి అది సాయపడదు, అక్కడ కొలత మారాలి. ఎవరూ తినలేదంటే ఆ వంటే మార్చాలి. తెచ్చినప్పుడే బాగాలేదంటే కొనే చోటో, కొనే రోజో మారాలి. ఈ నాలుగింటినీ కలిపి ఒకే బటన్‌తో తీర్చాలని చూడటం వల్లే చాలా యాప్‌లు వారానికి మించి నిలవవు.

మూడు వారాలు ఇలాగే రాయండి. ఆ మూడు వారాలు అలవాట్లేమీ మార్చొద్దు. ఎవరినీ ఏమీ అనొద్దు. ముఖ్యంగా అత్తమ్మ ముందు ఆ చిట్టా చదివి వినిపించొద్దు, ఆమెకు అది నేరాల చిట్టాలా అనిపిస్తుంది.

మూడు వారాల తర్వాత చూసుకుంటే మీ ఇంట్లో రెండో మూడో వస్తువులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మా ఇంట్లో కనిపించినవి రాత్రి అన్నం, కొత్తిమీర, పులిసిపోయిన దోసె పిండి. కూరలు దాదాపు లేవు. నేనైతే కూరలే ఎక్కువ పోతున్నాయని గట్టిగా నమ్మి ఉన్నాను. రాయకపోయి ఉంటే కూరల వెంటే పడేదాన్ని.

మీరు కూడా అన్నం పోతోందన్నారు కాబట్టి అన్నం గురించి కొంచెం వివరంగా చెప్తాను, మన దగ్గర అసలు పని అక్కడే ఉంది.

మా స్టీలు గ్లాసుకు 200 గ్రాముల బియ్యం పడుతుంది. వండితే అరకిలో పైనే అన్నం అవుతుంది. అంటే ఒక్క గ్లాసు ఎక్కువ పోస్తే ఇద్దరి భోజనం ఎక్కువైనట్టు. మీ గ్లాసులో ఎంత పడుతుందో ఒకసారి కిరాణా కొట్టులో తూచి చూసుకోండి. తర్వాత నోట్‌లో ఇలా రాయండి: ఎన్ని గ్లాసులు, ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది. పది రోజులు రాస్తే మీ ఇంటికి మనిషికి ఎంత పడుతుందో మీకే తెలుస్తుంది. బయటివాళ్లు చెప్పే లెక్క మీకు సరిపోదు. పొలం పని చేసి వచ్చిన మనిషి తినేది వేరు, దుకాణంలో కూర్చున్న మనిషి తినేది వేరు.

బస్తా మారినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ చూసుకోవాలి. హాస్టల్లో నేర్చుకున్నది ఇదే. వానాకాలం వడ్లు కోతకొచ్చాక మిర్యాలగూడ మిల్లుల నుంచి కొత్త బియ్యం మార్కెట్లోకి వస్తుంది. కొత్త బియ్యం మెత్తగా అవుతుంది, తక్కువ ఒదుగుతుంది, నీళ్లు కూడా తక్కువే పోయాలి. పాతబడేకొద్దీ అదే గ్లాసుకు ఎక్కువ అన్నం అవుతుంది. రేషన్ బియ్యం వాడే ఇళ్లలో ఇంకో మార్పు కూడా వచ్చింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్ దుకాణాల్లో మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. దొడ్డు బియ్యానికి అలవాటైన చెయ్యి సన్న బియ్యానికి కూడా అదే కొలత పోస్తే లెక్క తప్పుతుంది. నోట్‌లో "కొత్త బస్తా" అని ఒక మాట రాసి పెట్టుకుంటే, అన్నం ఎందుకు మిగులుతోందో రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

రెండో సంగతి, తినేవాళ్ల లెక్క. మధ్యాహ్నం వండేటప్పుడు ఎవరు ఇంట్లో ఉన్నారో తెలుసు. రాత్రికే తెలియదు. మా కొడుకు బయట తిని వస్తాడు, పది గంటలకు "ఆకలి లేదమ్మా" అంటాడు. అప్పటికి అన్నం ఉడికిపోయి ఉంటుంది. దీనికి మాకు బాగా పనికొచ్చింది వాట్సాప్‌లో ఇంటి గ్రూపు. సాయంత్రం ఐదున్నరకు మా కోడలు ఒక పోల్ పెడుతుంది: "రాత్రికి ఇంట్లో తినేదెవరు?" ఆరున్నరలోపు ఎవరు నొక్కకపోతే వాళ్లకు బియ్యం పోయం. మొదట్లో రెండుసార్లు మా వాడు నొక్కడం మర్చిపోయి, చెప్పకుండానే ఇంటికొచ్చాడు. అటుకులు కలిపి పెట్టాం. మూడోసారి నుంచి మర్చిపోలేదు. బిడ్డకు అన్నం పెట్టకుండా అటుకులు పెట్టడం నాకు కష్టంగానే అనిపించింది. కానీ ఆ రెండు రోజులు మెత్తబడి ఉంటే పోల్ అక్కడితో ఆగిపోయేది.

దీనికి తోడు ఫోన్ క్యాలెండర్‌లో ఒక్కపొద్దులు పెట్టుకోండి. మా ఆయనకు శనివారం, మా అమ్మకు సోమవారం. శ్రావణంలో, కార్తీకంలో ఇంకా పెరుగుతాయి. ప్రతివారం మళ్లీ మళ్లీ వచ్చేలా ఒకసారి పెడితే చాలు. పెళ్లి పత్రిక ఇంటికి రాగానే ఆ తేదీ కూడా అందులో ఎక్కించండి. మాఘం, ఫాల్గుణంలో వారానికి రెండు పూటలు ఎవరో ఒకరు బయట తింటారు, మనం మాత్రం రోజూ పోసే గ్లాసులే పోస్తాం.

ఒక కిలో బియ్యం వెనక సుమారు 2500 లీటర్ల నీళ్లు ఉంటాయని నీటి లెక్కలు కట్టేవాళ్లు ప్రపంచ సగటుగా చెప్తారు. బోరు ఎండి, మళ్లీ మళ్లీ పాయింట్లు చూపించుకుని వేయించుకునే మన జిల్లాల్లో ఆ అంకె చదివితే నాకు మనసు బరువెక్కుతుంది. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయిన ఎన్ని కుటుంబాలను చూడలేదు మనం, నీళ్లు లేకనే కదా.

ఇక ఫ్రిజ్. రెండో నోట్ "ముందు తినాల్సినవి" అని తెరవండి, టిక్కు పెట్టే డబ్బాలతో. ఇందులో ఇంట్లో ఉన్నవన్నీ రాయొద్దు. మీరు చేసిన పొరపాటు అదే. పప్పులు, రవ్వ, నూనె రాయాల్సిన పని లేదు. రెండు మూడు రోజుల్లో పాడయ్యేవి మాత్రమే, ఐదారు కన్నా ఎక్కువ ఉండకుండా: "పప్పు, మంగళవారం పగలు", "పాలకూర ఒక కట్ట", "కొబ్బరి చిప్ప". పాడయ్యే తేదీ కాదు, వండిన రోజు రాయండి. అది మనకు తెలిసిన నిజం, పాడయ్యే తేదీ ఊహ. తినగానే టిక్కు పెడితే కిందికి పోతుంది. ఈ నోట్‌ను ఫోన్ మొదటి తెర మీద కనిపించేలా విడ్జెట్‌గా పెట్టుకోండి. కూర ఏం చేయాలి అని ఆలోచించే ముందు ఒకసారి చూడాలి, అంతే.

బయటి దేశాల యాప్‌ల గురించి కూడా అడిగారు. టూ గుడ్ టు గో అనేది 2015లో డెన్మార్క్‌లో మొదలైంది. దుకాణాలు, బేకరీలు సాయంత్రం మిగిలినవి తక్కువ ధరకు సంచిలో పెట్టి అమ్మే యాప్ అది. ఇంట్లో ఫ్రిజ్‌కు సంబంధం లేదు. ఓలియో కూడా 2015లోనే బ్రిటన్‌లో వచ్చింది. మీ దగ్గర ఎక్కువున్నది పక్కవాళ్లకు ఉచితంగా ఇచ్చే యాప్. ఆలోచన మంచిది. కానీ చుట్టుపక్కల చాలామంది అదే యాప్ వాడితేనే అది నడుస్తుంది. జడ్చర్లలో మీ వాడ వాట్సాప్ గ్రూపు, లేదంటే పక్కింటి గోడ మీదుగా అందించే గిన్నె, ఆ పని ఇప్పటికే చేస్తున్నాయి. నోవేస్ట్ లాంటివి ఫ్రిజ్, అల్మారా సామాన్లకు తేదీలు పెట్టుకునేవి. ప్యాకెట్లు ఎక్కువ కొనే ఇంటికి బాగుంటాయి. మన కూరగాయలు అంగడి నుంచి సంచిలో విడిగా వస్తాయి, వాటి మీద బార్‌కోడ్ ఉండదు, తేదీ ఉండదు. అన్నీ మనమే కొట్టాలి. వంటింట్లో అంత ఓపిక ఎవరికి ఉంటుంది?

ప్యాకెట్ల తేదీల గురించి ఒక మాట. యాప్ ఎర్రగా చూపించగానే పారేయొద్దు. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ రోజు దాకా రుచి, నాణ్యత పూర్తిగా ఉంటాయని. సరిగ్గా దాచిన రవ్వ, బిస్కెట్లు ఆ మర్నాడే విషం కావు. పురుగు, వాసన, బూజు చూసుకుని వాడుకోవచ్చు. "యూజ్ బై" లేదా "ఎక్స్‌పైరీ" అని ఉంటే మాత్రం ఆ రోజు దాటాక తినకూడదు.

వృథా తగ్గించాలని పాడైంది తినొద్దు. దీని గురించి నేను గట్టిగానే చెప్తాను. వండిన అన్నం బయట గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు, వాసనతో కూడా తెలియకపోవచ్చు. మామూలు రోజుల్లో వండిన రెండు గంటల్లోపు, ఎండాకాలంలో గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. నల్లగొండలో మే నెలలో ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో వంటిల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి, మూత ఉన్న గిన్నెలో పెట్టండి. లోతు గిన్నెలో వేడి మీద పెడితే మధ్యలో చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలకు మించకూడదు. రాత్రి మిగిలినదాంట్లో వెంటనే నీళ్లు, మజ్జిగ పోసి సద్ది పెట్టుకునే ఇళ్లలో పొద్దున్నే తినేయాలి, మధ్యాహ్నానికి ఉంచొద్దు. జిగురుగా సాగినా, పులుపు కాని వేరే వాసన వచ్చినా పారేయండి. చిన్నపిల్లలకు, మీ మామగారి వయసు వాళ్లకు ఇంకా జాగ్రత్త. అలా పారేసినా నోట్‌లో రాయండి.

మిగిలింది బర్రెకు పోతుంది కదా, వృథా ఏముంది అంటారు కొందరు. కుడితిలో గుప్పెడు కలిపితే మంచిదే. ఒకేసారి పెద్ద మొత్తంలో అన్నం పెడితే మాత్రం కడుపులో ఆమ్లం పెరిగి పశువు ప్రాణం మీదికే వస్తుంది. ఫంక్షన్ మర్నాడు ఊళ్లలో ఇది జరుగుతూనే ఉంటుంది.

అంగడికి పోయే ముందు రెండు నోట్‌లూ ఒకసారి చూసుకుని పొండి. "కిలో నలభై, రెండు కిలోలు డెబ్బై" అనగానే రెండు కిలోలు తీసుకుంటాం. మూడు వారాల చిట్టాలో అరకిలో టమాట పోయిందని కనిపిస్తే ఆ బేరంలో మిగిలిందేమీ లేదని తెలుస్తుంది. కొత్తిమీర వేళ్లు కోసి, తడి ఆరాక, పాత న్యూస్ పేపర్ కాకుండా శుభ్రమైన బట్టలో చుట్టి డబ్బాలో పెడితే వారం ఉంటుంది. పండిన అరటి, మామిడి, టమాట ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. వాటి పక్కన ఆకుకూరలు పెడితే త్వరగా పసుపెక్కుతాయి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒకే బుట్టలో వద్దు. దోసె పిండి పులిస్తే గుంతపొంగనాలు, మిగిలిన జొన్నరొట్టెలకు బెల్లం కలిపితే మలీద. ఇవి మీ అత్తమ్మకు నాకన్నా బాగా తెలుసు.

ఆమె గురించే చివరగా చెప్పాలి. మా ఇంట్లో రాయడం మొదలుపెట్టిన రెండో నెలలో అన్నం వృథా దాదాపు సున్నాకు వచ్చింది. నేను ఎంతో సంతోషించాను. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే మా అమ్మ వంటింట్లో నిలబడి రాత్రి అన్నం తింటోంది. "మీరు రాసుకుంటున్నరు గద, పారేస్తే బాగుండదని" అంది. అంతకుముందు కూడా ఆమె అలాగే తినేదట, ఏళ్ల తరబడి. మేం వేడన్నం తిని లేస్తే, మిగిలింది ఆమె వాటా. ఆమెకు షుగర్ ఉంది. ఆ నెల పరీక్షలో పెరిగింది. మా లెక్కలో సున్నా వచ్చింది చెత్తడబ్బాలోకి పోకుండా ఆమె కడుపులోకి పోయినందుకు. ఆ రోజు నుంచి నోట్‌లో ఐదో మాట చేర్చాం: "అమ్మ తిన్నది". అది కూడా మిగిలినట్టే లెక్క. దాన్ని తగ్గించడానికే గ్లాసులు తగ్గించాం, మిగిలితే మా ఆయనా నేనూ కూడా పంచుకుంటాం.

మీ ఇంట్లో మిగిలింది ఎవరు తింటున్నారో ఒకసారి గమనించండి. అత్తమ్మను ఫోన్ పట్టుకోమని అడగొద్దు. రాత్రికి ఎంతమందో మీరు చెప్పండి, ఎన్ని గ్లాసులో ఆమెనే చెప్పమనండి. ఆమె చెప్పిన మాటే నోట్‌లో రాయండి. నెల తిరిగేసరికి లెక్క ఆమె దగ్గరే పక్కాగా ఉంటుంది.

మీవారు వేసిన రెండు యాప్‌లలో ప్యాకెట్ల తేదీలు గుర్తుచేసేది ఉంటే ఒకటి ఉంచుకోండి, రెండోది తీసేయండి. మూడు వారాలు రాశాక రాత్రికి ఎన్ని గ్లాసులు పోస్తున్నారో, మీ గ్లాసుకు ఎన్ని గ్రాములు పడుతుందో, పాత బియ్యమో కొత్త బియ్యమో నాకు చెప్పండి. ఎంత తగ్గించాలో కూర్చుని లెక్క వేసి చెప్తాను.